‘క్యూరియాసిటీ’కి కుతూహలమా, జిజ్ఞాసా?

ఆరో తరగతి టీచర్:
పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో తెలుగులో ఒక్కో వాక్యం రాస్తున్నాను. ఒక పాప దేన్నీ ఊరికే వదలదు, ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది. ‘కుతూహలం ఎక్కువ’ అని రాశాను. మా సీనియర్ సార్ అది కొట్టేసి ‘జిజ్ఞాస ఎక్కువ’ అని రాయమన్నారు. ఏది సరి?

గుంటూరు అమ్మ:
మీరు రాసిందే ఉంచండి మేడమ్. కుతూహలం అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. జిజ్ఞాస వేదాంతం మాట. బ్రహ్మసూత్రాల్లో మొదటిదే ‘అథాతో బ్రహ్మజిజ్ఞాసా’. చిన్నపిల్లకి అంత బరువు దేనికి?

వ్యాకరణ ప్రియుడు:
నేను ఒప్పుకోనండీ. ఆ మాటలో బ్రహ్మం లేదు. ‘జ్ఞా’ ధాతువుకు అర్థం తెలియడం. జిజ్ఞాస అంటే తెలుసుకోవాలనే కోరిక, అంతే. తాగాలనే కోరిక పిపాస అయినట్టే ఇదీను. మీమాంసా సూత్రాలు రాసిన జైమిని మహర్షి ఇదే మాటతో ‘ధర్మజిజ్ఞాసా’ అన్నాడు. దేని గురించి తెలుసుకోవాలో అది ముందు చేరుతుంది.

తేడా మా వంటింట్లోనే ఉంది. పప్పు ఉడుకుతుంటే మావాడు మూత ఎత్తి తొంగిచూస్తాడు. అది కుతూహలం, చూడగానే తీరిపోతుంది. నిన్న మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి, “ఉత్త నీళ్లు మరిగితే ఇంత నురగ రాదు కదా, పప్పు వేస్తే ఎందుకొస్తోంది?” అన్నాడు. నేనేదో చెప్పినా వదల్లేదు. ఈసారి శనగపప్పు వేసి చూద్దామని పట్టుబట్టాడు. అది జిజ్ఞాస. కుక్కపిల్ల సంచిలో మూతి పెడితే కుతూహలం అంటాం గానీ జిజ్ఞాస అనం కదా.

కరీంనగర్ పాఠకురాలు:
ఉత్సుకత సంగతేంటి? నాకైతే అది రిజల్ట్స్ ముందు రోజు ఉండేది, కాస్త టెన్షన్ కూడా కలిసి ఉంటుంది. మా అమ్మమ్మ మాత్రం ‘చూడాలని ఉబలాటపడుతోంది’ అనేది. ఎంత ముద్దు మాటో! ఇక పక్కింటివాళ్ల జీతం ఎంతో కనుక్కోవడం ‘ఆరా తీయడం’. ఇంగ్లీషులో అన్నిటికీ క్యూరియాసిటీ ఒక్కటే సరిపోతుందేమో, మనకు సరిపోదు.

గుంటూరు అమ్మ:
పప్పు ఉదాహరణ బాగుంది. అయినా కార్డు చదివేది పాప వాళ్ల నాన్న. ఆయనకు అర్థం కావాలి కదా.

ఆరో తరగతి టీచర్:
నిజమే. ఈ పాప కూడా చూసి ఊరుకునే రకం కాదు. ‘ఎందుకో తెలిసేదాకా వదలదు, మంచి జిజ్ఞాస’ అని రాస్తాను. మాట కొత్తదైనా ముందున్న ముక్కతో ఆయనకు తెలిసిపోతుంది.