పాదరసం ఇంకిన అడవి నేలలో మొదట ఏ మొక్కలు బతుకుతాయి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు

బెంగళూరు నగర్తపేటలో మా నాన్నగారు 40 ఏళ్లుగా కంసాలి పని చేస్తున్నారు. సాయంత్రం కుంపటి చుట్టూ ఊడ్చిన దుమ్మును సైతం పారేయకుండా, అందులోని బంగారపు రజను కోసం దాచిపెట్టడం చూస్తూ పెరిగిన నాకు, ఆ బంగారం కొన్నిచోట్ల అడవిని ఏం చేసి బయటికి వస్తుందో ఇటీవలే తెలిసింది. పెరూలోని మాద్రే దె దియోస్ ప్రాంతంలో చిన్న స్థాయిలో తవ్వేవారు చెట్లు కొట్టి, పైమట్టిని నీటి పంపులతో కడిగి, ఇసుకలో పాదరసం కలిపి, వచ్చిన ముద్దను కాల్చి బంగారం తీస్తారు. ఆవిరైన పాదరసం ఆకులపై చేరి, రాలిన ఆకులతో పాటు నేలలో కలుస్తుంది. మడుగుల్లో మిథైల్ పాదరసంగా (జీవుల ఒంట్లో పేరుకునే విషపూరిత రూపంగా) మారి చేపల్లోకి, వాటిని తినే మనుషుల్లోకి చేరుతుంది. 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం పాదరసం వాడకాన్ని తగ్గించాలంటోంది గానీ, కొట్టుకుపోయిన మట్టి సంగతే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

సారమంతా పోయి ఇసుక, గులకరాళ్లు మిగిలిన చోట ముందుగా ఏ జాతులు నాటాలి? బయోచార్ (గాలి అంతగా తగలకుండా మొక్కల వ్యర్థాలను కాల్చి చేసే బొగ్గు) నిజంగా ఉపయోగపడుతుందా? అలాగే, పాదరసం వాడకుండా తీసిన బంగారమేదో మా నాన్నగారి వంటి చిన్న కంసాలి ఎలా నిర్ధారించుకోవచ్చు? నేల శాస్త్రం చదివినవారు, గనుల దగ్గర మొక్కలు పెంచినవారు తమ అనుభవం రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను.