పూడికతీత కొలతలకి లేజర్ స్కానరా, లెవెలూ స్టాఫా?

లాకులరేవు: కాలవలకి నీళ్లు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయండి. గోదావరి మధ్య డెల్టాలో ఒక బ్రాంచి కాలవకి ప్రీ లెవెల్స్, అంటే పూడిక తీయకముందు అడుగు ఎత్తులు, కిరణంతో చుట్టూ పాయింట్లు కొలిచే లేజర్ స్కానరుతో తీయాలా, ఆటో లెవెల్ దుర్భిణితో స్టాఫు (కొలతబద్ద) చూసి తీయాలా అన్నది తేలట్లేదు. అడుగు వెడల్పు 20 మీటర్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, అక్కడక్కడా గుర్రపుడెక్క, గుంటల్లో నీళ్లు.

పాయింట్లమూట: స్కానరే, 2 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం. 25 మీటర్లకొక క్రాస్ సెక్షన్ (కాలవ అడ్డకోత) తీస్తే మధ్యలో గుంట ఉందో మేట ఉందో ఎవరికి తెలుసు? గట్టు మీద 60 మీటర్లకొక చోట స్కానరు స్టేషన్ వేయండి. పక్కపక్క స్కాన్లకి కనీసం 4 టార్గెట్లు (గుర్తు పలకలు) ఉమ్మడిగా కనిపించాలి, అవి ఒకే గీతలో ఉండకూడదు. 200 మీటర్లకోసారి, టోటల్ స్టేషన్‌తో (కోణం, దూరం కొలిచే పరికరం) కొలిచిపెట్టిన కంట్రోల్ పాయింట్లకి ముడేయండి. ఒక స్కాన్ పాయింట్ల మేఘాన్ని ఇంకోదాని మేఘానికి అతికించి వదిలేయొద్దు. తిన్నటి కాలవ ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది, స్కాన్లు పొడుగునా జారిపోతాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం అంతా బాగుందనే చెబుతుంది.

స్టాఫుపట్టు: లెక్క చూడండి. స్కానరు అడుగుకి 4 మీటర్ల ఎత్తున ఉంది, 30 మీటర్ల దూరంలో కిరణం నేలని ఎనిమిది డిగ్రీల లోపు కోణంలో తాకుతుంది. 10 మీటర్ల దూరంలో పాయింట్ల మధ్య 6 మిల్లీమీటర్ల ఎడం పెడితే 30కి 18, ఆ ఏటవాలులో నేల మీద 135. పైగా తడి బురద. 1550 నానోమీటర్ల కిరణాన్ని నీరు తాగేస్తుంది, వెనక్కొచ్చేది అంతంతమాత్రం. దీన్నా మీరు 2 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం అంటున్నది?

పాయింట్లమూట: 135 మిల్లీమీటర్లు ఎక్కువైతే, మీ స్టాఫు రెండేసి మీటర్లకి పెడతారు కదా, అదేంటి? రెండు గట్ల మీదా అటొకటి ఇటొకటి 30 మీటర్లకి వేస్తే ఏటవాలు గొడవ సగం పోతుంది.

కోనసీమకుర్రోడు: ఆర్టీకే రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో కొలిచేది) పట్టుకు తిరిగితే పోలా?

స్టాఫుపట్టు: కొబ్బరాకు కింద ఫిక్స్ (పక్కా లెక్క) నిలవదు బాబూ, ఫ్లోట్‌కి (ఉజ్జాయింపుకి) పడిపోద్ది. పైగా అది ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమికి లెక్కలో గీసుకున్న నున్నటి ఆకారం నుంచి ఎత్తు. మన తీరంలో దానికీ సముద్రమట్టానికీ తేడా పదుల మీటర్లు. ఆ తేడా చెప్పే జియాయిడ్ మోడల్‌ని నమ్మేసి ఊరుకోకుండా, ఎత్తు ముందే తెలిసిన బెంచ్‌మార్కుతో (బి.ఎం.) సరిచూసుకోవాలి. లెవెలింగ్‌లో అయితే బి.ఎం. నుంచి బి.ఎం.కి కట్టి, ముగింపు తేడా, అంటే చివరి బి.ఎం. దగ్గర మా లెక్కకీ దాని అసలు ఎత్తుకీ తేడా, 12√K మిల్లీమీటర్ల లోపు ఉందో లేదో అక్కడే తేల్చుకుంటాం. K అంటే కిలోమీటర్లు.

పాయింట్లమూట: ఆ 12√K గట్టు మీద ఇన్‌స్ట్రుమెంటుకి. అడుగున బురదలో స్టాఫు ఎంత దిగిందో దానికి తెలుసా?

స్టాఫుపట్టు: ముందు ముగింపు తేడా సంగతి చెప్పండి. మీ టార్గెట్లకి ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చింది? లెవెల్ నుంచే కదా!

పాయింట్లమూట: నేనడిగింది బురద గురించి.

స్టాఫుపట్టు: గట్టు దిగనివాళ్లు బురద గురించి చెబుతున్నారు. రంగుల బొమ్మ తిప్పి చూపించి బిల్లు పాస్ చేయించుకోవడం తప్ప ఏముంది అందులో?

పాయింట్లమూట: మరి మీ రీడింగులు? ఎండకి తాళలేక చెట్టుకింద కూర్చుని పూరించిన ఫీల్డు బుక్కులు ఎన్ని లేవు!

ఎంబుక్కు: ఇద్దరూ ఆగండి. స్టాఫు మెత్తటి ఒండ్రులో 5 సెంటీమీటర్లు దిగితే ప్రీ లెవెల్ ఆ మేరకి కిందకి పడుతుంది. పని అయ్యాక గట్టి అడుగు మీద దిగదు. అంటే తీసిన పూడిక తక్కువగా తేలుతుంది. 20 × 1000 × 0.05, కిలోమీటరుకి 1000 ఘనపు మీటర్లు కాంట్రాక్టరుకి నష్టమే. లేజరు గుర్రపుడెక్కని దాటదు, ఒత్తుగా ఉన్నచోట సాఫ్ట్‌వేర్ ఫిల్టరు ఆకునే నేల అనుకుంటుంది. అప్పుడు ప్రీ లెవెల్ పైకి, పోయేది శాఖ డబ్బు. ఇక్కడ ఎవరు ఏ పరికరాన్ని మెచ్చుకుంటున్నారో అందుకే అర్థమవుతోంది. పాయింట్లు కోటి ఉన్నా ఇలా ఒకేవైపు లాగే తప్పు సగటుతో పోదు.

పాయింట్లమూట: గుంటల దగ్గర తిరగబడుతుంది లెండి. నిలవనీరు అద్దంలా పనిచేసి, ఎదుటి గట్టు అడుగుకి కింద దొంగ పాయింట్లుగా పడుతుంది. "అన్నిటికన్నా కిందిదే నేల" అనే ఫిల్టరు దాన్నే పట్టుకుంటుంది. అవి చేత్తో తీసేయాలి. ఆకుపచ్చ లేజరు, 532 నానోమీటర్లది, నీళ్లలోకి వెళ్తుంది కానీ మన ఒండ్రు నీళ్లలో అడుగు ముట్టదు. గుంటల్లో కొలకర్రే గతి.

స్టాఫుపట్టు: ఆ "చేత్తో తీసేయడం" దగ్గరే నా పేచీ అంతా. ఏ పాయింట్లు తీశారో మాకు చూపించరు. చేతికొచ్చేది గీసేసిన క్రాస్ సెక్షన్. దాన్ని ఎదురు కొలవడానికి మేం వెళ్లేసరికి పొక్లెయిన్ దిగిపోయి ఉంటుంది. శుభ్రం చేయని స్కాన్లు, కంట్రోల్ పాయింట్ల పట్టిక పొక్లెయిన్ దిగకముందే ఇస్తే నాకు స్కానరంటే అభ్యంతరం లేదు.

పాయింట్లమూట: స్కాన్లు పంచుకునే ఇ57 రకం ఫైళ్లుగా ఇస్తాం. మీరూ స్టాఫు కింద 15 సెంటీమీటర్ల చదరపు రేకు పెట్టి, పది సెక్షన్లు మా ముందే తీయండి. తేడా ఎంతొస్తే మళ్లీ తీయాలో ముందే రాసుకుందాం.

స్టాఫుపట్టు: రేకూ దిగుద్ది, పల్చటి బురదలో. నీరు పోయాక పైన పెచ్చు కట్టేదాకా ఆగాలి.

ఎంబుక్కు: ఆగితే ఒండ్రు ఎండి కుంగుతుంది, పరిమాణం తగ్గుతుంది. ఏ రోజు కొలుస్తారో అగ్రిమెంటులో రాయకపోతే ఈ గొడవ మళ్లీ మొదటికే.

లాకులరేవు: సరేనండి. స్కాన్‌కి ముందు గుర్రపుడెక్క తీయించడం ఎస్టిమేట్‌లో ఎవరి ఖాతా?