అడుగున ముద్ర లేని చారల జగ్గు: "మిడ్‌వింటర్" అనొచ్చా, అనకూడదా?

లెస్టర్_వంశీ
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం కార్ బూట్ సేల్‌లో (కారు డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే సంత) 3 పౌన్లకి ఒక చిన్న పాలజగ్గు దొరికింది. తెల్లటి ఒంటి మీద నల్లటి చారలు, లోపలంతా ఎరుపు. మిడ్‌వింటర్ అనే ఇంగ్లిష్ పింగాణీ ఫ్యాక్టరీ వాళ్ళ జాంబెజీ అని నా నమ్మకం. 1956లో వాళ్ళ డిజైనర్ జెస్సీ టేట్ వేసిన డిజైన్ అది, "ఫ్యాషన్ షేప్" అని వాళ్ళు పిలిచే ఆకారం మీద వచ్చింది. చారలు చేత్తో వేసినవే, కుంచె ఎత్తిన చోటల్లా రంగు పలచబడింది. చిక్కల్లా ఏంటంటే అడుగున ఫ్యాక్టరీ ముద్ర లేదు. ఓ పక్కగా చిన్న చుక్క, దాని కింద గీత మాత్రం ఉన్నాయి. ఫోటోలు పెట్టాను. దీన్ని మిడ్‌వింటర్ అనొచ్చా?

పింగాణీమూర్తి
అనకూడదు. ముద్ర లేకపోతే "1950ల నాటి ఇంగ్లిష్ చారల జగ్గు" అనండి, అక్కడితో ఆపండి.

ఎందుకో చెప్తాను. యుద్ధం రోజుల్లో, 1942 నుంచి, బ్రిటన్‌లో రంగులూ బొమ్మలూ వేసిన గిన్నెలు స్వదేశంలో అమ్మడానికి వీల్లేకుండా చేశారు. దేశంలోవాళ్ళకి తెల్ల ప్లేట్లు, రంగులవి ఎగుమతికి. ఆ ఆంక్ష 1952లో గానీ పూర్తిగా పోలేదు. పదేళ్ళు తెల్ల కప్పుల్లో తాగిన జనం ఒక్కసారిగా రంగుల మీద పడ్డారు. అదే ఏడు ఆ ఫ్యాక్టరీ కుటుంబానికి చెందిన రాయ్ మిడ్‌వింటర్ అమెరికా వెళ్ళి అక్కడి కొత్త ఆకారాలు చూసొచ్చాడు, మరుసటి ఏడాది స్టైల్‌క్రాఫ్ట్ అనే కొత్త ఆకారం తెచ్చాడు, తర్వాత ఫ్యాషన్ షేప్. అవి అమ్ముడుపోవడం చూసి మిగతావాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. నల్ల చారలు ఒక్క మిడ్‌వింటర్ సొత్తు కాదు. బెస్విక్ అనే ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళ జీబ్రెట్ డిజైన్ ఉంది. పేరు తెలియని ఫ్యాక్టరీలవీ ఉన్నాయి. చార కనపడగానే జాంబెజీ అనేస్తే ఇక గుర్తించడం అనే మాటకి అర్థమేముంది?

గోదారోడు
జగ్గు భలే ఉంది వంశీ గారూ. ఎవరిదైతేనేం, 3 పౌన్లకి లాభమే.

శారద_హాన్లీ
మూర్తి గారూ, పాత టీ సెట్లు ఎప్పుడైనా పూర్తిగా తిరగేసి చూశారా? ముద్ర సాసర్‌కీ ప్లేటుకీ ఉంటుంది, కప్పులకి చాలాసార్లు ఉండదు. రిడ్జ్‌వే ఫ్యాక్టరీ వాళ్ళ హోమ్‌మేకర్ సెట్ తీసుకోండి. ఈనిడ్ సీనీ డిజైన్, నలుపు తెలుపుల్లో కుర్చీలు, సోఫాలు, మొక్కల స్టాండ్లు. వూల్‌వర్త్స్ దుకాణాల్లో 1957 నుంచి అమ్మారు. ముద్ర లేని హోమ్‌మేకర్ కప్పు మీ చేతికిస్తే "ఎవరిదో తెలియదు" అంటారా?

వంశీ గారూ, మీరు ఈ పని చేయండి. ముద్ర ఉన్న ఫ్యాషన్ షేప్ పాలజగ్గు ఎవరి దగ్గరైనా దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి కొలవండి. ఎత్తు, మూతి, హ్యాండిల్ ఒంటిని కలిసే రెండు చోట్లు, అడుగు అంచు. ఇవి పల్చటి మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోసి చేసినవి. తయారైన జగ్గు మీంచి ఎవరైనా అచ్చు తీసి నకలు చేస్తే, ఆ కొత్త మట్టి మళ్ళీ ఆరి కాలి కుంచించుకుపోతుంది, నకలు అసలు కన్నా చిన్నదవుతుంది. కొలత సరిపోయిందంటే సగం పని అయినట్టే. బెస్విక్ అయితే అడుగున షేప్ నంబరు మట్టిలోనే ఒత్తి ఉండాలి. మీ ఫోటోలో అలాంటిదేం లేదు.

పింగాణీమూర్తి
శారద గారూ, నేను జగ్గు గురించి మాట్లాడుతుంటే మీరు కప్పు దగ్గరికి వెళ్ళారు. హోమ్‌మేకర్ ట్రాన్స్‌ఫర్ ప్రింట్, అంటే అచ్చు మీంచి అద్దిన బొమ్మ. చెక్కిన బొమ్మ ఒకటే, లక్ష ప్లేట్ల మీదైనా అదే గీత అదే చోట పడుతుంది. అక్కడ బొమ్మే ముద్ర. జాంబెజీ చేత్తో వేసింది. ఏ రెండు జగ్గుల మీదా చారలు ఒకలా ఉండవు. దేంతో పోల్చి తేలుస్తారు? మీ ఉదాహరణ ఇక్కడికి పనికిరాదు.

శారద_హాన్లీ
చారలతో పోల్చమని నేనెక్కడ అన్నాను? ఆకారం కొలవమన్నాను. ఇంకోసారి చదవండి.

పింగాణీమూర్తి
చదివాను. కప్పులకి ముద్ర ఉండదన్నారు. పాలజగ్గుకి ఉంటుంది. కొన్ని మిడ్‌వింటర్ ముద్రల్లో నెల, సంవత్సరం అంకెలు కూడా చిన్నగా కనపడతాయి. అంత పద్ధతిగా ముద్రలేసిన ఫ్యాక్టరీ ఈ ఒక్క జగ్గుకే ఎందుకు వేయలేదో చెప్పండి.

శారద_హాన్లీ
రబ్బరు స్టాంపు సరిగ్గా పడకపోవచ్చు. వేసేవాళ్ళు వదిలేసి ఉండొచ్చు. మనుషులు చేసిన పని అది.

నీలిమ_పూల్
ముద్ర ఉంటే నిశ్చింత అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 1980 ప్రాంతంలో, వుల్వర్‌హాంప్టన్ దగ్గరి ఫెదర్‌స్టన్ జైల్లో, కుండల తరగతిలో ఖైదీలు పేరున్న ఇంగ్లిష్ కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ కుండలకి నకళ్ళు చేశారు. ఆయన సొంత ముద్రతో సహా. అవి లండన్‌లో పేరున్న వేలం సంస్థల దాకా వెళ్ళాయి. ముద్ర సరిగ్గానే ఉంది, కుండే ఆయనది కాదు. ఇంకోవైపు, సెయింట్ ఐవ్స్‌లోని ఆయన పాటరీలో (కుండల కార్ఖానాలో) రోజువారీ వాడకానికి చేసిన స్టాండర్డ్ వేర్ మీద పాటరీ ముద్ర మాత్రమే ఉంటుంది, దాన్ని చూపించి "లీచ్ చేతి కుండ" అని అమ్మేవాళ్ళు ఇప్పటికీ కనపడతారు. ముందు మట్టి, బరువు, గ్లేజ్ (గాజులాంటి పైపూత), అడుగు అంచు ఎలా చెక్కారో చూడాలి. ముద్ర ఆఖర్న.

కొత్తగా_వచ్చా
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇలాంటి వాటిలో తినొచ్చా? నేను హార్న్సీ అనే ఇంగ్లిష్ పాటరీ గిన్నెల్లో పచ్చడి పెడుతున్నాను.

నీలిమ_పూల్
బ్రిటన్‌లో 1940ల చివర వచ్చిన నిబంధనలతో పచ్చి సీసం గ్లేజులు ఆగిపోయాయి. అయితే కరిగే గుణం తక్కువున్న సీసం గ్లేజులు వాడుకోనిచ్చారు. అంటే ఈ కాలపు వస్తువుల్లో సీసం అసలు లేదని అనలేం. ఆవకాయ, చింతపండు పులుసు, నిమ్మకాయ, ఇలాంటి పులుపు పాత గిన్నెల్లో నిలవ ఉంచొద్దు. గ్లేజ్ సన్నగా బీటలు వారినవీ, లోపలివైపు రంగు పూసినవీ తిండికి వాడనే వాడొద్దు.

పింగాణీమూర్తి
నీలిమ గారూ, మీరు చెప్పిన జైలు కథ నా మాటకే బలం. ముద్ర ఉన్నవాటికే ఇంత మోసం జరిగితే, ముద్రే లేనిదాన్ని ఏ ధైర్యంతో నమ్మాలి?

లెస్టర్_వంశీ
అడుగున ఉన్న ఆ చుక్క, గీత గురించి ఎవరూ చెప్పలేదు.

శారద_హాన్లీ
అది పెయింట్రెస్ గుర్తు అయి ఉంటుంది. చారలేసిన అమ్మాయి తన లెక్క కోసం పెట్టుకునే గుర్తు. పని ముక్కల లెక్కన కూలి కదా, ఎవరు ఎన్ని వేశారో తేలాలి, చెడిపోతే ఎవరిదో తెలియాలి.

పింగాణీమూర్తి
పెయింట్రెస్ గుర్తుకి విలువేం లేదు. ఆ చుక్క ఏ ఫ్యాక్టరీలో ఎవరైనా పెట్టి ఉండొచ్చు.

శారద_హాన్లీ
విలువేం లేదా? పూల్ పాటరీలో ఏ గుర్తు ఏ పెయింటర్‌దో సేకర్తలు ఏళ్ళ తరబడి కూర్చి జాబితాలు చేశారు. ట్రోయికా అనే ఇంకో పాటరీ కుండల మీద డెకరేటర్ల అక్షరాలు చూసే కదా ఏ కాలపు పనో చెప్తున్నారు. పింగాణీ ఫ్యాక్టరీల ఊరు స్టోక్‌లో వేలమంది ఆడవాళ్ళు వేసిన చుక్కలూ గీతలూ ఎవరూ రాసుకోలేదు. ఆ తప్పు వాళ్ళదా? మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. అదే స్టోక్‌లోని బర్స్‌లెంలో కుంచె పట్టారు. పదిహేనో ఏట చేరారట. చేతిలో ప్లేటు తిప్పుతూ చార ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఎత్తాలో గాల్లో చేసి చూపిస్తారు. ఆవిడ ముందు కూర్చుని "విలువేం లేదు" అనగలరా?

మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మూర్తి గారూ. ముద్ర, ముద్ర, ముద్ర.

పింగాణీమూర్తి
మీరు మనసు నొచ్చుకునేలా మాట్లాడారు కాబట్టి నేనూ దాచకుండా చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక ఆంటిక్ ఫెయిర్‌లో తెల్లటి గిన్నె కొన్నాను. పేరున్న కుండల కళాకారిణి లూసీ రీ పని అని చెప్పారు. ఆవిడ 1938లో వియన్నా నుంచి లండన్ వచ్చాక తొలిరోజుల్లో చేసింది, అందుకే ముద్ర లేదు అన్నారు. "ఆకారం చూడండి, అంచు చూడండి, అనుభవం ఉన్న కన్నుకి తెలుస్తుంది" అన్నారు. అచ్చం మీరు మాట్లాడినట్టే. బిల్లు మీద మాత్రం "లూసీ రీ తరహా" అని రాసిచ్చారు. చదవకుండా జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఇద్దరికి చూపిస్తే ఇద్దరూ కాదన్నారు. తిరిగిచ్చేద్దామని వెళ్తే బిల్లు చూపించి, మేం ఆవిడదని ఎక్కడ రాశాం అన్నారు. మా ఆవిడ పుట్టినరోజుకని దాచిన డబ్బు అది. ఆకారం, కన్ను, అనుభవం అనే మాటలు వినపడితే నాకు ఆ బిల్లే గుర్తొస్తుంది.

గోదారోడు
అయ్యో మూర్తి గారూ.

శారద_హాన్లీ
మీకు జరిగింది అన్యాయమే. అయితే అది ఆ అమ్మినవాళ్ళ అబద్ధం. ఈ జగ్గు మీకేం అపకారం చేసింది?

లెస్టర్_వంశీ
ఒక మాట ముందే చెప్పాల్సింది. దీన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడదామనుకుంటున్నాను. "మిడ్‌వింటర్ జాంబెజీ పాలజగ్గు, జెస్సీ టేట్ చేతి చారలు" అని రాసి ఉంచాను. అందుకే అడిగింది.

పింగాణీమూర్తి
చూశారా! మొదటి పోస్టు నుంచీ నేను భయపడుతున్నది దీని గురించే. ఇంట్లో పెట్టుకుని ఏ పేరుతోనైనా పిలుచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పేరు చూసి డబ్బు కట్టేవాడు ఇంకొకడున్నప్పుడు అనుమానం లాభం వాడికి దక్కాలి, అమ్మేవాడికి కాదు.

శారద_హాన్లీ
వంశీ గారూ, "జెస్సీ టేట్ చేతి చారలు" అన్న మాట ముద్ర ఉన్న జగ్గు మీద కూడా అబద్ధమే.

జెస్సీ టేట్ గొప్ప డిజైనర్. షార్లట్ రీడ్ అనే డిజైనర్ దగ్గర పనిచేసి, 1946లో మిడ్‌వింటర్‌లో చేరింది. ప్రిమావెరా, రెడ్ డామినో, జాంబెజీ ఆవిడ ఊహలోంచి వచ్చినవే. ఆ గౌరవంలో రవ్వంత కూడా తగ్గించను. కానీ దుకాణాలకి వెళ్ళిన జాంబెజీ జగ్గుల మీద రోజంతా కూర్చుని చారలు లాగింది పెయింట్రెస్‌లు. ఆ చుక్కా గీతా వాళ్ళలో ఒకరివి. మీరు అమ్మబోయేది ఆ పెయింట్రెస్ పని. రాసిన పేరు వేరే మనిషిది.

మాది మంగళగిరి. మా నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేసిన చీరలు ఒక పెద్ద షాపు పేరుతో అమ్ముడయ్యేవి. చీర కొంగున షాపు చీటీ కుట్టేవాళ్ళు. "ఫలానా వాళ్ళ చీర" అని కట్టుకున్నవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఆ చీర నేసినవాడు నడుంనొప్పితో రాత్రిళ్ళు పడుకోలేకపోయేవాడు. షాపు మూసేశారు, చీటీలు మాత్రం ఇంకా చీరలకి ఉన్నాయి. ముద్ర లేకపోతే పేరు లేదని మీరన్నప్పుడు నాకు ఎందుకు ఒళ్ళు మండిందో ఇప్పుడు తెలిసిందా మూర్తి గారూ?

పింగాణీమూర్తి
తెలిసింది. మీ నాన్నగారికి నమస్కారం. కానీ మీరు వేరే ప్రశ్నకి జవాబిస్తున్నారు. ఎవరి చెయ్యి అన్నది మీ ప్రశ్న. ఏ ఫ్యాక్టరీ, దానికి రుజువేంటి అన్నది నాది. ఆ అమ్మాయి ఎవరో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియని పేరు ఎలా రాస్తాం?

శారద_హాన్లీ
పేరు రాయమనలేదు. గుర్తు రాయమంటున్నాను. అడుగున చుక్క, కింద గీత అని రాసి, దగ్గర్నుంచి తీసిన ఫోటో పెట్టమంటున్నాను. అలాంటి గుర్తే ముద్ర ఉన్న జాంబెజీ ప్లేటు మీద ఇంకెవరికైనా కనపడితే మీరడిగిన ఫ్యాక్టరీ రుజువు దగ్గరికి కూడా వెళ్తాం. విలువేం లేదని మీరు తోసేసిందే మీకు దారి చూపించొచ్చు.

పింగాణీమూర్తి
చుక్కా గీతా ఎవరైనా పెట్టగలరు. ఒక్క జత సరిపోదు. ఆకారం కొలత, గుర్తు, మట్టి రంగు, మూడూ కలిస్తే అప్పుడు ఆలోచిస్తాను.

నీలిమ_పూల్
నా దగ్గర ముద్ర ఉన్న ఫ్యాషన్ షేప్ పాలజగ్గు ఉంది, వేరే డిజైన్‌ది. రేపు కొలతలు పెడతాను. వంశీ గారూ, మీరు హ్యాండిల్ మీదా మూతి మీదా అతినీలలోహిత టార్చి వేసి చూడండి. అతికి రంగేసిన చోటు వేరుగా మెరుస్తుంది. కొనేవాళ్ళు ముద్ర కన్నా ముందు దాని గురించే అడుగుతారు.

నిర్వాహకుడు
ధరల గురించి ఈ చర్చలో మాట్లాడొద్దని మనవి. అమ్మకాల విభాగం వేరే ఉంది.

లెస్టర్_వంశీ
ఇలా మార్చాను, చూడండి: "1950ల నాటి ఇంగ్లిష్ పాలజగ్గు. చేత్తో వేసిన నల్ల చారలు, లోపల ఎరుపు, జాంబెజీని పోలినది. ఫ్యాక్టరీ ముద్ర లేదు. అడుగున పెయింట్రెస్ గుర్తు: చుక్క, దాని కింద గీత."

పింగాణీమూర్తి
"జాంబెజీని పోలినది" తీసేయండి. నా బిల్లు మీద "తరహా" అని రాసినవాళ్ళు కూడా ఇదే పని చేశారు.

శారద_హాన్లీ
దాన్ని ఉంచినా తీసేసినా నాకు ఒకటే. ఆఖరి వాక్యం మీద మాత్రం చెయ్యి వేయకండి.

పింగాణీమూర్తి
ఆఖరి వాక్యంలో "పెయింట్రెస్ గుర్తు" అనడానికీ రుజువు లేదు. "ఒక గుర్తు" అనండి.

శారద_హాన్లీ
అది మాత్రం ఒప్పుకోను.

లెస్టర్_వంశీ
నీలిమ గారి కొలతలు వచ్చేదాకా అమ్మకానికి పెట్టడం లేదు. ఈలోగా ముద్ర ఉన్న జాంబెజీ ఎవరి దగ్గరున్నా అడుగు భాగం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గుర్తు చిన్నదైనా సరే.