శివారు పట్టణంలోని పాత ఇళ్లను కాపాడడానికి జాబితా ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (పౌర సంఘం సభ్యురాలు)

నగరాన్ని ఆనుకుని పెరిగిన ఒక చిన్న పట్టణంలో పాత ఇళ్ల వివరాలు సేకరించే పౌర సంఘంలో నేను పని చేస్తున్నాను. వందేళ్లకు అటూ ఇటూగా వయసున్న ఇళ్లు మా లెక్కకు 60 దాకా వచ్చాయి. వాటిలో కోటలూ లేవు, భవంతులూ లేవు. రోజూ రైల్లో నగరానికి వెళ్లి వచ్చే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు కట్టించుకున్న ఇళ్లే అన్నీ. గత ఏడాది వాటిలో ఒకటి పోయింది. శుక్రవారం సాయంత్రం దాని వరండా స్తంభాలను చూస్తూ నడిచిన వాళ్లం, సోమవారం ఉదయానికి చదును చేసిన నేలను చూశాం.

ఇప్పుడు పురపాలక సంఘం మమ్మల్ని జాబితా ఇవ్వమంటోంది. ఇంటి పేరు జాబితాలోకి ఎక్కితే మేకు కొట్టడానికి కూడా అనుమతి అడగవలసి వస్తుందని యజమానులు భయపడుతున్నారు. ఎవరూ ప్రసిద్ధులు కాని చోట దేన్ని చారిత్రకమని అనాలో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. అసలు జాబితా వల్ల ఇల్లు నిలుస్తుందా అన్నదే నా ప్రధాన సందేహం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (పట్టణ ప్రణాళికా రంగంలో పనిచేసి విరమించినవారు)

అమ్మా, జాబితాలన్నీ ఒకటి కావు. మీ యజమానుల భయంలో సగం ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చినదే. అమెరికాలో 1966 నాటి చట్టం కింద నడిచే చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో ఒక ఇల్లు చేరినంత మాత్రాన, సొంత డబ్బుతో దాన్ని మార్చుకునే యజమానిని గాని, చివరికి కూల్చుకునే యజమానిని గాని ఆ నమోదు ఆపదు. అది గౌరవమే తప్ప కవచం కాదు. ఆపగలిగేది స్థానిక నిబంధన. 1931లో చార్ల్‌స్టన్ నగరం తన పాత భాగాన్ని ప్రత్యేక ప్రాంతంగా ప్రకటించి, అక్కడి కట్టడాల బయటి రూపాన్ని పరిశీలించడానికి ఒక మండలిని ఏర్పాటు చేసినప్పటి నుంచి అక్కడి పట్టణాలు అనుసరిస్తున్న దారి అదే. ఇంగ్లండులో పద్ధతి వేరు: జాబితాకెక్కిన కట్టడానికి లోపలి మెట్ల వరుసను మార్చాలన్నా ముందుగా సమ్మతి కావాలి, సమ్మతి లేకుండా మార్చడం నేరం. కాబట్టి మీ పురపాలక సంఘం అడుగుతున్నది గౌరవానికే పరిమితమైన జాబితానా, మార్పులకు అనుమతి అవసరమయ్యే జాబితానా అన్నది ముందుగా రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఆస్తి హక్కు గురించి ఎవరైనా వాదిస్తే 1978 నాటి పెన్ సెంట్రల్ తీర్పును గుర్తు చేయవచ్చు. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషను నెత్తిన ఎత్తైన కార్యాలయ భవనం కట్టనివ్వకపోవడం యజమాని ఆస్తిని లాక్కోవడం కిందికి రాదని అమెరికా సుప్రీం కోర్టు తేల్చింది. ఉన్న స్టేషనును యథావిధిగా వాడుకుంటూ తగిన ఆదాయం పొందే వీలు యజమానికి మిగిలే ఉందన్నది ఆ తీర్పులోని ఒక ముఖ్యాంశం. మీ నిబంధన కూడా యజమానికి ఏం మిగులుస్తోందో స్పష్టంగా చెప్పగలగాలి.

ఇంకొక హెచ్చరిక. పేర్లు ముందుగా ప్రకటించి, రక్షణను తరువాత తీరిగ్గా తెద్దామనుకోకండి. పశ్చిమ లండన్ శివారులో 1928లో కట్టిన ఫైర్‌స్టోన్ కర్మాగారం రక్షిత జాబితాలోకి రాబోతున్న తరుణంలో, 1980 ఆగస్టులో వరుస సెలవులు వచ్చిన వారాంతంలో, దాని ముఖభాగాన్ని కూలగొట్టేశారు. మీ శుక్రవారం, సోమవారం కథ చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది. ఇంగ్లండులో ఇటువంటి పరిస్థితికే 6 నెలల తాత్కాలిక రక్షణ నోటీసు ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో అనేక పట్టణాలు పాత ఇంటి కూల్చివేతను 6 నెలలో, ఏడాదో, ఏడాదిన్నరో వాయిదా వేసే నిబంధన పెట్టుకున్నాయి. ఓపిక ఉన్న యజమాని గడువు ముగిసేదాకా కాచుకుని కూర్చోవచ్చు, నిజమే. అయినా ఆ వ్యవధిలో కొనేవారినో, వేరే ఉపయోగాన్నో వెతకవచ్చు.

జవాబు 2 (పాత కట్టడాల మరమ్మతు మేస్త్రీ)

కూల్చివేత అందరికీ కనిపిస్తుంది. నేను చూసినంతలో పాత ఇళ్లలో ఎక్కువ భాగం కూల్చివేత వల్ల కాదు, మంచి ఉద్దేశంతో చేసిన తప్పుడు మరమ్మతు వల్ల పోతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. సున్నంతో కట్టిన ఒక ఇటుక ఇంటికి ఇటుకల నడుమ సందుల్లోని సున్నం రాలుతోందని యజమాని గట్టి సిమెంటుతో ఆ సందులను నింపించాడు. చేసినప్పుడు గీత గీసినట్టు చక్కగా ఉంది. పదేళ్ల తరువాత నన్ను పిలిచారు. సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా ముందుకు పొడుచుకుని ఉన్నాయి, వాటి నడుమ ఇటుకలు మాత్రం అంగుళం మేర లోపలికి తినేసినట్టు గుంటలు పడ్డాయి. బొటనవేలితో రుద్దితే ఎర్రటి పొడి అరచేతిలోకి రాలింది. కారణం తేలికే. గోడలోకి చేరిన తేమ మెత్తని సున్నపు సందుల గుండా బయటికి ఆరిపోవాలి. ఆ దారిని సిమెంటు మూసేస్తే తేమ ఇటుక గుండానే బయటికి వస్తుంది, వస్తూ తెచ్చిన లవణాలు ఇటుక పైపొర వెనుక స్ఫటికాలుగా పేరుకుని ఆ పొరను పెకలిస్తాయి. చలి ప్రాంతమైతే లోపలి నీరు గడ్డకట్టి ఆ పని ఇంకా త్వరగా చేస్తుంది. సందులోని మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలి. పాడైతే అదే ముందు పాడవాలి, ఎందుకంటే మాలును మళ్లీ నింపగలం, గోడలోని ఇటుకకు కొత్త పైపొర పుట్టించలేం.

కిటికీల సంగతీ అంతే. చివికిన చట్రాన్ని చూడగానే మొత్తం పీకించి ప్లాస్టిక్ కిటికీ పెట్టించేస్తున్నారు. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని చెక్కలో అక్కడక్కడా గుచ్చి చూడండి. సాధారణంగా నీరు నిలిచే కింది పట్టీలోనే అది మెత్తగా దిగుతుంది, మిగతా చట్రం గట్టిగానే ఉంటుంది. ఆ కాలంలో నెమ్మదిగా పెరిగిన చెట్ల నుంచి వచ్చిన, దగ్గర దగ్గర వలయాలున్న చెక్క అది, నేటి చెక్క అంత కాలం నిలవదు. చివికినంత మేర కోసి కొత్త ముక్క అతికించడం ఓపికున్న వడ్రంగికి పెద్ద పని కాదు. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగును నిషేధించింది 1978లో. అంతకు ముందు రంగు వేసిన చెక్కను పొడిగా గీకవద్దు, మంటతో కాల్చవద్దు, ముఖ్యంగా ఇంట్లో పసిపిల్లలు ఉంటే.

మీ సంఘం జాబితాతో పాటు ప్రతి యజమానికీ ఒక్క కాగితం ఇస్తే చాలు: చూరు నుంచి నీళ్లు దించే గొట్టాలను ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయండి, సందులను సున్నంతోనే నింపించండి, పైకప్పు పగుళ్లను వానలకు ముందే చూసుకోండి.

జవాబు 3 (రక్షిత ప్రాంతంలో ఇల్లున్న యజమాని)

పైవారు చెప్పినదాన్ని కాదనను, కానీ ఖర్చు భరించేది ఎవరో ఎవరూ చెప్పలేదు. వరండాలో చివికిపోయిన ఒక స్తంభాన్ని మార్చడానికి నేను 5 నెలలు అనుమతి కోసం తిరిగాను. అన్నాళ్లూ ఆ కప్పును ఇనుప దూలంతో నిలబెట్టుకున్నాం. చివరికి సమావేశంలో అడిగింది స్తంభం గురించి కాదు, దాని రంగు గురించి. అలాంటి అనుభవం ఒక్కటి చాలు, వీధి వీధంతా మీ జాబితాకు ఎదురు తిరగడానికి. రాయితీలు ఉన్నాయి కదా అంటారు. అమెరికా కేంద్ర ప్రభుత్వం చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఖర్చులో 20 శాతానికి ఇచ్చే పన్ను రాయితీ ఆదాయం తెచ్చే కట్టడాలకే వర్తిస్తుంది, సొంతంగా కాపురం ఉండే ఇంటికి వర్తించదు. శివారు పట్టణంలో ఉన్నవన్నీ కాపురాల ఇళ్లే. నిబంధన పెట్టండి, కానీ ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేసే పనికి అనుమతి అక్కరలేదని మొదటి వాక్యంలోనే రాయండి. అనుమతి అవసరమైన వాటికి 30 రోజుల్లో జవాబు రాకపోతే అంగీకరించినట్టేనని రెండో వాక్యంలో రాయండి.

జవాబు 4 (చరిత్ర అధ్యాపకురాలు)

దేన్ని చారిత్రకమనాలి అన్న ప్రశ్నను అందరూ వదిలేశారు. శివారు పట్టణానికి సంబంధించినంత వరకు ఇంటిని విడిగా చూడడంలోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం. షికాగో పక్కనున్న రివర్‌సైడ్‌కు ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఉద్యాన రూపశిల్పులు 1869లో ప్రణాళిక గీసినప్పుడు ముందుగా ఆలోచించింది వంపు తిరిగే వీధుల గురించి, చెట్ల గురించి, రోడ్డుకూ ఇంటికీ నడుమ వదలవలసిన ఖాళీ గురించి. 1970లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది కూడా ఏదో ఒక ఇల్లు కాదు, ఆ అమరిక. 1907లో మొదలైన లండన్‌లోని హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్‌లో ఇళ్ల ముందున్న పొద కంచెలను తీసేయాలన్నా ఆ ప్రాంతాన్ని చూసుకునే ట్రస్టు అనుమతి కావాలి. అతి అనిపించవచ్చు, కానీ కంచెలు పోయి కార్లు నిలిపే సిమెంటు చప్టాలు వచ్చిన వీధిలో ఒక్క ఇటుకను కదపకపోయినా ఆ వీధి మిగలదు.

కాబట్టి ప్రతి ఇంటికీ ఎవరు కట్టారన్న ఒక్క గడి పెట్టి వదిలేయకండి. రైల్వే స్టేషను నుంచి ఆ ఇంటికి నడిచి వెళ్లే దారి, ముందున్న ఖాళీ, పక్క ఇళ్లతో దాని వరుస కూడా రాయండి. గుమాస్తాల ఇళ్లు విడివిడిగా సాధారణమైనవే కావచ్చు, కానీ పట్టణం రైలు చుట్టూ ఎలా పుట్టిందో 12 ఇళ్ల వరుస చెప్పినంత బాగా ఒక్క భవంతి చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. జాబితా ఏ తరహాదో చెప్పమని పురపాలక సంఘానికి ఈ రోజే ఉత్తరం రాశాము, జవాబు వచ్చేదాకా పేర్లు బయట పెట్టకూడదని నిర్ణయించుకున్నాము. వచ్చే ఆదివారం స్టేషను వీధి నుంచి మొదలుపెట్టి ఇళ్ల వరుసలకు ఫోటోలు తీస్తాము. మేస్త్రీ గారూ, మా సొంత ఇంటి తూర్పు గోడలో కూడా సిమెంటు గీతలు ముందుకు పొడుచుకుని కనిపిస్తున్నాయి. దాన్ని ఇప్పుడు తీయించడం మంచిదా, తీసేటప్పుడు ఇటుక అంచులు ఇంకా విరుగుతాయా?

జవాబు 2 (మేస్త్రీ)

దానంతట అది వదులైన చోట మాత్రమే చిన్న ఉలితో, చేత్తో తీయించండి. గట్టిగా పట్టి ఉన్నచోట యంత్రంతో కోయిస్తే ఇటుక అంచులు తప్పకుండా పోతాయి, అక్కడ అలాగే వదిలేయండి. ముందుగా ఆ గోడకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. తూర్పు గోడ పైన చూరు గొట్టం ఉందా?