పిల్లల పాలియేటివ్ కేర్ ప్రశ్నావళి: 'నొప్పి', 'బాధ' కలిసిపోకుండా ఎలా అడగాలి?

క్యాన్సర్ పిల్లలకు ఇంటి దగ్గర ఇచ్చే పాలియేటివ్ కేర్ (నొప్పి, ఇబ్బందులు తగ్గించే సంరక్షణ)పై అధ్యయనం కోసం ప్రశ్నావళిని తెలుగులోకి తెస్తున్నాం. ఇద్దరు విడివిడిగా అనువదించారు, రెండూ కలిపి ఒకటి చేశాం, మూడో మనిషి తిరిగి ఇంగ్లీషు చేశారు. చిక్కంతా అక్కడే బయటపడింది. 'బాధ' అని రాస్తే ఒంటి నొప్పా, మనసులో దిగులా తేలడం లేదు. 'నొప్పి' అంటే సూది గుచ్చినప్పటిదే చెబుతున్నారు, రాత్రిళ్లు ఎముకల్లో వచ్చే సలుపు లెక్కలోకి రావడం లేదు. ఆందోళనకు 'బెంగ' బాగుంది గానీ, అమ్మ కనిపించకపోతే కలిగేదే బెంగ అనుకుంటున్నారు.

నొప్పి ఎంతుందో చూపించడానికి నాలుగేళ్లు దాటినవాళ్లకు ఆరు ముఖాల బొమ్మల స్కేలు (0 నుంచి 10) వాడుతున్నాం. ఇందులో మొదటిది నవ్వు ముఖం కాదు, మామూలు ముఖం, చివరిదానికి కన్నీళ్లుండవు. 'ఏడుపు ముఖం' అని చూపిస్తే పిల్లలు నొప్పిని వదిలేసి మూడ్ చెబుతారు. మాట్లాడలేనివాళ్లకు, చూసి నొప్పిని అంచనా వేసే ఫ్లాక్ (FLACC) స్కేలు: ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పు, ఒక్కోదానికి 0 నుంచి 2. కానీ నీరసంతో కదలకుండా పడుకున్న పిల్లాడికి నొప్పి ఎంతున్నా స్కోరు తక్కువే వస్తుంది.

నర్సులు, తల్లిదండ్రులు చెప్పాలి: మీ వైపు ఆ సలుపును పిల్లలు ఏమంటారు? ప్రశ్నల్లో 'గత వారం' బదులు 'నిన్నటి నుంచి' అంటే మేలా? అధ్యయనంలో చేరడానికి 7–12 ఏళ్ల పిల్లల నోటిమాట సమ్మతి తీసుకునేటప్పుడు, జబ్బు పేరు చెప్పొద్దని ఇంట్లోవాళ్లు పట్టుబడితే ఏ మాటలతో మొదలుపెడతారు?