జూమ్, స్క్రోల్‌కి స్క్రీన్ మీద బటన్లు ఇంకా అవసరమా?

గీతలగది:
మ్యాపులు, సర్క్యూట్ డ్రాయింగులు చూపించే ప్రోగ్రాముల్లో నాలుగు బాణాలు, ఒక ప్లస్, ఒక మైనస్ పెట్టడం దండగ అని నా వాదన. జరపడానికి డ్రాగ్ ఉంది, జూమ్‌కి వీల్ ఉంది, టచ్ స్క్రీన్ మీదైతే రెండు వేళ్లు చాలు. ఈ ఆరు బటన్లూ వచ్చి సరిగ్గా డ్రాయింగ్ మీదే కూర్చుంటాయి. పైగా వీల్ తిప్పితే కర్సర్ ఉన్నచోటే పెద్దదవుతుంది. బటన్ నొక్కితే మనం ఎటు చూస్తున్నామో ప్రోగ్రాముకి ఎలా తెలుస్తుంది?

విండోమేనేజర్:
చెయ్యి వణికేవాళ్లు, తల కదిపి పాయింటర్ నడిపేవాళ్లు నొక్కిపట్టి లాగలేరండీ. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో (వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్ వాడుకోగలిగేలా రాసిన ప్రమాణాలు) 2.5.7 నియమం చూడండి: డ్రాగ్ తప్పనిసరైన పని కాకపోతే, దాన్ని లాగకుండా ఒక్క పాయింటర్‌తో (మౌస్ లేదా ఒక వేలు) చేసే దారి కూడా ఉండాలి. కీబోర్డు షార్ట్‌కట్ ఇచ్చాం కదా అంటే సరిపోదు. రెండు వేళ్లతో చేసే పించ్‌కీ ఒక్క పాయింటర్ దారి ఉండాలని 2018 నాటి 2.1లోనే 2.5.1 కింద ఉంది. ఇక 2.2 ప్రకారం బటన్ సైజు కనీసం 24×24 సీఎస్ఎస్ పిక్సెళ్లు (వెబ్‌పేజీల్లో వాడే కొలత), లేదంటే చుట్టూ ఆ మేరకు ఖాళీ.

సున్నాఒకటి:
గీతలగది గారూ, మీ చివరి ప్రశ్నే అసలైనది. బటన్లకి చెడ్డపేరు తెచ్చింది వాటి వెనకున్న కోడ్.

యాంకర్ అంటే జూమ్ చేసినా కదలకూడని బిందువు; బటన్ జూమ్‌కి అది వ్యూ (డ్రాయింగ్ కనబడే భాగం) మధ్యబిందువు. ఏదైనా సెలెక్ట్ చేసి ఉంటే దాని మధ్యబిందువు. లెక్క ఇది (ఆఫ్‌సెట్ అంటే వ్యూ అంచు నుంచి డ్రాయింగ్ మొదలు ఎంత దూరమో, స్కేల్ అంటే ఎన్ని రెట్లు పెద్దదో):

కొత్త ఆఫ్‌సెట్ = యాంకర్ − (యాంకర్ − పాత ఆఫ్‌సెట్) × (కొత్త స్కేల్ ÷ పాత స్కేల్)

వ్యూ వెడల్పు 800, ఆఫ్‌సెట్ 100, స్కేల్ 1 నుంచి 1.25కి వెళ్లిందనుకోండి. 400 − 300 × 1.25 = 25. ఆఫ్‌సెట్‌ని 100 దగ్గరే వదిలేస్తే నడిమధ్యనున్న గీత 75 పిక్సెళ్లు కుడికి జారుతుంది. నాలుగు నొక్కులకి కనబడకుండా పోతుంది. క్యూటీ (ప్రోగ్రాముల విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) గ్రాఫిక్స్ వ్యూలో వీల్ కోసం పెట్టిన ‘యాంకర్ అండర్ మౌస్’ని బటన్లకి కూడా వాడకండి, అప్పుడు మౌస్ ఉండేది బటన్ మీద. ‘యాంకర్ వ్యూ సెంటర్’కి మార్చాకే స్కేల్ చేయండి.

ప్రతి నొక్కుకీ 10 శాతం కూడితే 10 నుంచి 20కి వెళ్లినప్పుడు బొమ్మ రెట్టింపవుతుంది, 400 నుంచి 410కి తేడాయే తెలియదు. గుణించాలి. అలాగని పైకి 1.1తో, కిందికి 0.9తో గుణించారో, ఒకసారి వెళ్లొస్తే 0.99 మిగులుతుంది, పదిసార్లకి 100 శాతం కాస్తా 90 అవుతుంది. జూమ్ స్థాయిని పూర్ణాంకంగా దాచుకుని, స్కేల్‌ని ప్రతిసారీ 1.25కి ఆ ఘాతంగా లెక్కగట్టండి.

నొక్కిపట్టే బటన్ దగ్గర ఇంకో ఇబ్బంది. క్యూటీలో ఆటో రిపీట్ (నొక్కిపడితే మళ్లీమళ్లీ నొక్కినట్టు లెక్క) ఆన్ చేస్తే డిఫాల్ట్‌గా 300 మిల్లీసెకన్లు ఆగి, ఆపైన ప్రతి 100కి ఒకసారి నొక్కినట్టే. స్క్రోల్‌కి బాగుంటుంది. జూమ్‌కి 1.25 చొప్పున పది రిపీట్లంటే తొమ్మిది రెట్లు దాటిపోతుంది! రిపీట్‌కి 1.05 చాలు. బ్రౌజర్‌లో సొంతంగా టైమర్ రాస్తే పాయింటర్‌ని క్యాప్చర్ చేయండి (వేలు బటన్ దాటినా దాని కబురు బటన్‌కే వస్తుంది), పాయింటర్‌అప్‌తో (వేలు తీయడం) పాటు పాయింటర్‌క్యాన్సిల్‌లోనూ (బ్రౌజర్ ఆ స్పర్శని రద్దు చేయడం) టైమర్ ఆపండి. లేకపోతే వేలు తీసినా స్క్రోల్ ఆగదు.

గీతలగది:
జూమ్ బటన్లు సరే, ఉండనివ్వండి. బాణాలు మాత్రం ఇంకా దండగే. స్క్రోల్‌బార్ ట్రాక్ మీద క్లిక్ చేస్తే ఒక పేజీ జరుగుతుంది, అదీ డ్రాగ్ కాదుగా?

విండోమేనేజర్:
హద్దులున్న డాక్యుమెంట్‌కి మీరన్నది నిజమే. హద్దుల్లేని కాన్వాస్‌లో స్క్రోల్‌బార్‌కి మొదలేది, చివరేది? అక్కడ బాణాలు కావాలి. ఒక్కో నొక్కుకి వ్యూలో నాలుగో వంతు జరపండి, అదీ స్క్రీన్ పిక్సెళ్లలో. డ్రాయింగ్ యూనిట్లలో 100 అని రాస్తే 800 శాతం జూమ్‌లో ఒక్క నొక్కుకి 800 పిక్సెళ్లు దూకుతుంది.

సున్నాఒకటి:
గరిష్ఠ జూమ్‌కి చేరగానే ప్లస్‌ని డిసేబుల్ చేయడం కూడా చూసి చేయండి. కీబోర్డుతో నొక్కేవాళ్ల ఫోకస్ (ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నారనే గుర్తు) అక్కడే పోతుంది. వెబ్‌లో అయితే ‘ఏరియా-డిసేబుల్డ్’ (aria-disabled, బటన్ పనిచేయదని స్క్రీన్ రీడర్లకి చెప్పే గుర్తు) పెట్టి, క్లిక్‌ని పట్టించుకోకుండా వదిలేస్తే ఫోకస్ నిలుస్తుంది.