తాతయ్య రేజరుతో మెడంతా మంట, నురగ నిలవడం లేదు. తప్పెక్కడ?

కొత్తగీత:
మా తాతయ్య విశాఖ పోర్టులో కళాసీగా చేసేవారు. మొన్న ట్రంకు పెట్టె సర్దుతుంటే పాత పంచె మడతలో ఆయన రేజరు దొరికింది. పిడి చివర ఉన్న మర తిప్పితే తల రెండు తలుపుల్లా విచ్చుకుంటుంది. అడుగున జిలెట్ అనీ, మేడ్ ఇన్ యూఎస్ఏ అనీ, పక్కన ‘ఇ 3’ అనీ ఉంది. ఏదో ఓడ మీద వచ్చిన నావికుడి దగ్గర కొన్నారని నాన్నమ్మ చెబుతోంది.

మూడు వారాలుగా దీనితోనే గీసుకుంటున్నాను. బుగ్గలు నున్నగా వస్తున్నాయి, మెడ మాత్రం కాకరకాయలా తయారైంది. నురగ పూసిన నిమిషానికే ఆరిపోయి సున్నం వేసినట్టు కనిపిస్తోంది. ఉండేది హైదరాబాదులో, వాడేది బోరు నీళ్లు. రేజరును రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే మెరుస్తుందని ఒకరన్నారు. అలా చేయవచ్చా?

గోదారి మాస్టారు:
ముందు ఆ వెనిగర్ సీసాను వంటింట్లో పెట్టేసి రండి బాబూ. లోపలిది ఇత్తడి, పైది నికెల్ పూత. పులుపులో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి పూత మచ్చలు పడుతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, పాత పళ్ల బ్రష్షు చాలు. మర బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేయండి.

ఆ ‘ఇ 3’ తయారైన కాలాన్ని చెబుతుంది. అక్షరం సంవత్సరం, అంకె త్రైమాసికం. 1955కు ‘ఎ’ వేశారు, ఆ లెక్కన ‘ఇ’ అంటే 1959. జూలై, సెప్టెంబరు మధ్య తయారైందన్నమాట.

ఇక నురగ. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టు అవుతాయి. మీ గిన్నె అంచున తెల్లగా అంటుకునేది అదే. సబ్బులో సగం దానికే పోతే ముఖానికి మిగిలేదేముంది? ఒక్క గ్లాసు ఫిల్టరు నీళ్లు వెచ్చబెట్టి, బ్రష్షు తడపడానికి, నురగ తిప్పడానికి అవే వాడండి. ముఖం మాత్రం బోరు నీళ్లతో కడుక్కున్నా పరవాలేదు. సబ్బు మీద బ్రష్షును అర నిమిషం పైనే తిప్పాలి. నురగ పెరుగు మీగడలా ఉండాలి, బుడగలు కనిపిస్తే ఇంకా తిప్పాలన్నమాట.

మెడ సంగతి వేరు. రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి వేళ్లతో నిమిరి చూడండి. కొందరికి మెడ వెంట్రుకలు కింది నుంచి పైకి, కొందరికి అడ్డంగా చెవి వైపు పెరుగుతాయి. ఎటు పెరిగితే అటే గీయండి, ఎదురు గీయడం ఈ నెల మానేయండి. అన్నిటికన్నా ముఖ్యం, నొక్కకండి. జోడు బ్లేడ్ల కాట్రిడ్జి 1971లో వచ్చింది, అప్పటి నుంచి జనం నొక్కడం మరిగారు. దీనికి దాని బరువే చాలు. తలను చెంపకు ఆనించి, బ్లేడు వెంట్రుకను అందుకునేదాకా పిడిని నెమ్మదిగా దించండి. సన్నగా కరకరమంటే వాలు కుదిరినట్టే.

ఎడారి గడ్డం:
మాస్టారూ, బ్లేడు మాట ఎత్తనే లేదు! నేను అబుదాబిలో ఉంటాను. జపాన్ ఫెదర్ చాలా పదునని విని మొదటి రోజే అది వేసుకున్నాను, చొక్కా కాలరు ఎర్రబడింది. మెత్తటి బ్లేడుతో చేయి తిరిగాకే అలాంటివి. నాలుగు రకాలు తలా ఒక్కటి కొని చూడండి, ఒకరికి పడింది మరొకరికి పడదు. నాలుగైదు సార్లు గీశాక పారేయండి. విమానంలో బ్లేడు చేతి సంచిలో పెట్టకండి, ఆ పాఠం కూడా నాకు అయింది.

గోదారి మాస్టారు:
ఒప్పుకున్నాను. గీసుకున్నాక తడి ముఖానికి పటిక ముక్క రుద్దండి. ఎక్కడ చుర్రుమంటే అక్కడ మీరు నొక్కారని అర్థం. దీనికన్నా నిజాయతీ గల పరీక్షాధికారిని నేను చూడలేదు. చిన్నప్పుడు వరదకు గోదావరి ఎర్రబడితే, బిందెలో నీళ్లు తేరడానికి తిప్పింది కూడా ఈ పటికే. మా ఇంట్లో చిల్లగింజ అరగదీసేవారు కూడా.

కొత్తగీత:
పది రోజులైంది. ఫిల్టరు నీళ్లతో నురగ రెండో వరుస దాకా నిలిచింది. నాకు మెడ కుడివైపు వెంట్రుకలు పైకి, ఎడమవైపు అడ్డంగా పెరుగుతున్నాయి. ఇన్నేళ్లూ రెండు వైపులా పై నుంచి కిందికే గీశాను. కుడివైపు మానింది. ఎడమ దవడ కింద పటిక ఇంకా చుర్రుమంటోంది, అక్కడ చేయి ఎలా తిప్పాలో చెప్పండి.

బోరు నీళ్ల సంగతి నాన్నమ్మతో అన్నాను. తాతయ్య గడ్డానికని చూరు నీళ్లు బానకు పట్టి, మూత పెట్టి దాచుకునేవారట. బట్టలకు కూడా ముట్టనిచ్చేవారు కాదని ఇప్పటికీ విసుక్కుంటోంది.